మా అత్తను వెక్కిరించిన ఎపిసోడు

పుస్తకం అచ్చయితే చాలు, మిగతా దారి అదే నడుచుకుంటూ పోతుందనుకునే అమాయకుల్లో నేనూ ఒకదాన్ని. నా పుస్తకం నడవలేదు. కట్టలు విప్పకుండా ప్రచురణకర్త ఇంట్లోనే కూర్చుంది. ఆయన ఒకరోజు ఫోన్ చేసి, ఈ కాలంలో సమీక్షలు ఎవరూ చదవడం లేదమ్మా, అందరూ బస్సుల్లో, క్యాబుల్లో పాడ్‌కాస్టులు వింటున్నారు, మీరూ ఒకదాంట్లో కూర్చుని మాట్లాడండి, లేకపోతే మీరు ఉన్నట్టే ఎవరికీ తెలియదు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి రాసింది చాలక, ఇప్పుడు నా సరుకు నేనే తట్టలో పెట్టుకుని వీధి వీధీ అరుస్తూ తిరగాలా అని గొణిగాను. ఒప్పుకోవడానికి మాత్రం గొణిగినంత సేపు కూడా పట్టలేదు. లోపల ఆశ ఉంది మరి.

నా కథలన్నీ మా అత్త నోటి నుంచి వచ్చినవే. ఆమె మా నాన్నకు అక్క. నగర్తపేటలో ఒక ఇరుకు సందులో, మేడ మీది గదిలో, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ నుదుట కట్టుకునే బాసికాలు చేయించి అంగళ్ళకు వేస్తుంది. నలుగురైదుగురు ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని అట్టముక్కలకు జరీ చుట్టి పూసలు కుడుతుంటారు. అత్త వాళ్ళ మధ్యన కూర్చుని చేతులతో పని, నోటితో కబుర్లు సాగిస్తుంది. మాది ఎన్నో తరాలుగా బెంగళూరులోనే పాతుకుపోయిన తెలుగు. ఎప్పుడు వచ్చామో, ఎందుకు వచ్చామో చెప్పగలవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మేము ఉంది అనం, ఉండాది అంటాం. చిన్నా పెద్దా, ఆడా మగా అందరినీ అప్పా అంటాం. బడి వదిలాక ఆ చాప మీద ఒక పక్కన కూర్చుని, పూసలు రంగుల వారీగా ఏరుతూ విన్న మాటలే పెద్దయ్యాక నాకు కథలయ్యాయి.

అయితే మా వాళ్ళలో తెలుగు చదవడం ఎవరికీ రాదు. బయటివాళ్ళకు చెప్తే నమ్మరు. పొద్దున లేస్తే తెలుగులోనే తిట్టుకుంటాం, తెలుగులోనే ఏడుస్తాం, చదవాల్సి వస్తే మాత్రం కన్నడ పేపరు తీస్తాం. నేను కూడా ఉద్యోగంలో చేరాక, ఆంధ్రా నుంచి వచ్చిన తోటి అమ్మాయిలను బతిమాలి అక్షరాలు నేర్చుకున్నాను. పుస్తకం తొలి ప్రతి తీసుకెళ్ళి అత్త చేతిలో పెడితే, ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని ఒక్కో పేజీ తిప్పింది. కన్నడానికీ తెలుగుకూ లిపిలో పోలిక ఉంది కదా, అక్కడక్కడా ఒక అక్షరం పోల్చుకుంది.

"పెండ్లిలో కనపడిన దూరపు సుట్టాల మాదిరి ఉండాయప్పా ఇవి. మొగం తెలుస్తాది, పేరు తెలీదు" అని నవ్వింది. నువ్వే చదివి వినిపించు పాపా అని అడిగింది. వచ్చే ఆదివారం అన్నాను. ఆ ఆదివారం మా ఇంటికి చుట్టాలొచ్చారు. ఆ తర్వాతి ఆదివారం వాన. మేముండే మారతహళ్ళి నుంచి నగర్తపేటకు పోవాలంటే సగం రోజు ట్రాఫిక్‌కే పోతుందని ఇంకో సాకు. ఆమె మళ్ళీ అడగలేదు, పుస్తకాన్ని దేవుడి గూట్లో పెట్టుకుంది.

ఆ పుస్తకంలో చివరి కథ మా మామ పోయిన రోజుది. మామ అంటే అత్త భర్త. ఆస్పత్రిలో డాక్టరు పరీక్ష చేసి, తల అడ్డంగా ఊపి, దుప్పటి మొహం మీదికి లాగబోయాడు. అత్త డాక్టరు చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇంగా ఊపిరి ఉండాది చూడప్పా" అంది. అరవలేదు, గుండెలు బాదుకోలేదు. గుడ్డలంగడిలో ఇంకో చీర చూపించమన్నంత మామూలుగా అంది. డాక్టరు కుర్రవాడే. లేదని తెలిసి కూడా, ఆమె కోసం మళ్ళీ వంగి చూశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ ఒక్క మాట కోసమే ఆ కథ రాశాను. చదివిన కొద్దిమందీ అక్కడికి వచ్చేసరికి ఏడుపొచ్చిందన్నారు.

పాడ్‌కాస్టు నడిపే అబ్బాయి కోస్తా జిల్లాల వాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సెలవు రోజుల్లో వైట్‌ఫీల్డ్‌లోని తన ఫ్లాటులోనే తెలుగు రచయితలతో మాట్లాడి పెడుతుంటాడు. అతని మీద ఒక్క మాట పడనివ్వను. నా పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివిన అతి కొద్దిమందిలో అతనొకడు. చివరి కథ మీ గొంతుతోనే చదవండి మేడమ్ అని అడిగాడు. నేను వెంటనే అత్తకు ఫోన్ చేశాను. నీ కథే చదువుతున్నాను, ఫోన్లో వస్తుంది, ఇక నీకు నేను చదివి వినిపించాల్సిన బాకీ కూడా తీరిపోతుంది అని గొప్పగా చెప్పాను. ఆమె సంతోషం చెప్పలేను. రేడియోలో వస్తావా పాపా అంది. రేడియో కాదత్తా అంటే వినలేదు. పనిచేసే ఆడవాళ్ళకు, కింద జరీ అంగడి వాళ్ళకు, పక్క సందులో పూలమ్మే ఆమెకు కూడా చెప్పేసింది. తన మాటలు పుస్తకమయ్యాయని ఇన్నాళ్ళూ వింటున్నదే తప్ప, ఆ పుస్తకంలో ఏముందో ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. మొదటిసారి వినబోతోంది.

నేను చేసిన పని చూడండి. రికార్డింగుకు ముందు వారమంతా అద్దం ముందు నిలబడి నా నాలుక సాపు చేసుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో క్యాంటీన్లో ఒకసారి "ఆడ సీటు ఖాళీ ఉండాది" అన్నందుకు బల్ల చుట్టూ ఉన్న తెలుగువాళ్ళంతా పడీ పడీ నవ్వారు. చెడ్డవాళ్ళు కాదు, నన్ను ముద్దుగానే ఏడిపించారు. కానీ ఆ రోజు నుంచి ఆఫీసులో నా తెలుగు మారిపోయింది. సినిమాల్లో, టీవీలో మాట్లాడే తెలుగు నేర్చుకుని, దాన్నే ఉతికి ఇస్త్రీ చేసి వాడుకుంటున్నాను. మా తెలుగు మా ఇంటి గడప దాటదు. అటువంటి దాన్ని, మా యాస గొప్పదని చాటే పుస్తకం రాశాను. ఇంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఉందా?

ఆ అబ్బాయి తన పడగ్గది గోడలకు పరుపులు ఆనించి, మైకు ముందు నన్ను కూర్చోబెట్టాడు. కథ చదివాను. ఎంత శుద్ధంగా చదివానంటే, అత్త అన్న మాట దగ్గరికి వచ్చినప్పుడు కూడా ఆ గొంతు రానివ్వలేదు. వార్తలు చదివినట్టు చదివి పారేశాను. అతను మర్యాదగా, చాలా బావుంది మేడమ్ అని మాటల్లోకి దిగాడు. కాసేపటికి ఇద్దరి మాటలూ చప్పబడ్డాయి. నా జవాబులు నాకే విసుగ్గా ఉన్నాయి. ఇక ఈ ఎపిసోడు ఎవరు వింటారు, నా పుస్తకం ఎవరు కొంటారు అని లోపల బెంగ పట్టుకుంది.

అప్పుడు అతను, పుస్తకంలోని ఈ యాస భలే ముద్దుగా ఉంది, మీ ఇంట్లో నిజంగా ఇలాగే మాట్లాడతారా అని అడిగాడు. అవును, నేనూ ఇలాగే మాట్లాడతాను అంటే అయిపోయేది.

"అయ్యో, నేను కాదండీ. మా అత్తలాంటి పాతకాలం వాళ్ళు" అన్నాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. అత్త గ్యాసు వాళ్ళతో ఫోన్లో ఎలా పోట్లాడుతుందో చేసి చూపించాను. "ఏమప్పా, మూడు దినాలాయె, సిలిండరు యాడికి పోయుండాది, కాశీకా?" అతను కుర్చీలోంచి పడిపోయేంత నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్నప్పటి నుంచి అత్తను అనుకరించడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆమె ముందే చేసేదాన్ని, ఆమే ఎక్కువ నవ్వేది. అత్త ఆటో అతనితో బేరమాడటం, అత్త ఏటీఎం ముందు నిలబడి దానికి నమస్కారం పెట్టడం, ఒకదాని మీద ఒకటి వదిలాను. అతను కళ్ళు తుడుచుకుంటూ, ఇంకొక్కటి మేడమ్, ఒక్కటే అన్నాడు. నవ్వు రుచి మరిగిన నోటికి ఏది దొరికితే అది వచ్చేస్తుంది.

"ఇంగా ఊపిరి ఉండాది చూడప్పా" అన్నాను. కళ్ళు పెద్దవి చేసి, తల ఒక పక్కకు వాల్చి, చేత్తో ఎవరినో ఆపుతున్నట్టు. కథలో పైపైన చదివేసిన మాట, వెక్కిరించేటప్పుడు అచ్చం అత్త గొంతుతో వచ్చింది. అతను ఒక క్షణం ఆగాడు. అది కథలో మాట అని అతనికి గుర్తొచ్చిందనుకుంటాను. కానీ నేను నవ్వుతున్నాను కదా, అందుకని అతనూ నవ్వాడు.

అయిపోయాక, ఏమైనా తీసేయమంటారా మేడమ్, చివర్లో అది, అని మొహమాటంగా అడిగాడు. ఆ అబ్బాయికి ఉన్న ఇంగితం నాకు లేకపోయింది. ఎపిసోడంతటికీ ప్రాణం ఉన్నది అక్కడేనని నాకు తెలుసు. ఉండనివ్వండి, బాగానే వచ్చింది కదా అన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నాకు తీసుకునే అవకాశం కూడా ఇచ్చారు. వద్దన్నాను.

ఎపిసోడు వచ్చిన ఆదివారం అత్త నన్ను రమ్మని పట్టుబట్టింది. ఈసారి సాకు చెప్పలేకపోయాను. అందరూ కలిసి వింటారని పని ఆపించింది. చాపలు దులిపి వేయించింది. ఆడవాళ్ళు తలలు దువ్వుకుని, పూలు పెట్టుకుని వచ్చి కూర్చున్నారు. అత్త కోడలు ఫోనును ఒక స్టీలు గిన్నెలో నిలబెట్టింది, శబ్దం గట్టిగా వస్తుందని. అత్త పెట్టెలోంచి తీసిన మంచి చీర కట్టుకుంది.  చివరిదాకా వినరులే, మధ్యలో ఎవరో ఒకరు వస్తారులే అని దేవుడికి మొక్కుకున్నాను.

కథ మొదలైంది. అత్త తల వంచి విన్నది. కాసేపు విని, కోడలి వైపు తిరిగి, "ఇది మన పాపేనా?" అని మెల్లగా అడిగింది. ఆమె అవునంది. నా శుద్ధమైన తెలుగు వాళ్ళకు సగం సగమే అందుతోంది. కథ మామ పోయిన ఘట్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అత్తకు తెలిసిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనున్న ఆమె అత్త మోకాలి మీద చెయ్యి వేసింది. కథ అయిపోయాక అత్త నా వైపు చూసి తల ఊపింది. ఆ చూపులో ఎంత గర్వముందో, అది తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. అప్పుడే లేచి ఫోన్ ఆపేసి ఉండాల్సింది. 

గ్యాసు మాట వచ్చినప్పుడు అందరూ గొల్లుమన్నారు. అత్త కూడా నవ్వింది. దొంగముండ, నన్నే చేస్తా ఉండాది చూడండప్పా అని మురిసిపోయింది. ఆటో వచ్చింది, ఏటీఎం వచ్చింది, నవ్వులు. ఆ తర్వాత ఆ మాట వచ్చింది. నవ్వడం మొదలుపెట్టిన ఒకామె మధ్యలోనే నోరు మూసుకుంది. ఫోన్లో మాత్రం ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. గిన్నెలో పెట్టడం వల్ల నా నవ్వు ఇంకా గట్టిగా వినిపించింది. కింద వీధిలో తోపుడుబండి వాడి అరుపు పూర్తిగా వినబడింది.

 అత్త కొంగు దోపుకుని, సగంలో ఆగిపోయిన బాసికం తీసుకుని పూస ఎక్కించింది. నాకు కాఫీ ఇమ్మని కోడలికి చెప్పింది. కన్నడంలో చెప్పింది. కోడలితో ఆమె ఎప్పుడూ కన్నడం మాట్లాడదు. నేను వెళ్ళొస్తానత్తా అంటే, "హోగ్బన్ని" అంది. పోయి రండి అని.

నన్ను పాపా అని పిలిచే మనిషి. అంగడి వాళ్ళతోనూ, ఆటోల వాళ్ళతోనూ, వసూళ్ళకు వచ్చేవాళ్ళతోనూ మాట్లాడే మర్యాద కన్నడం అది.

ఆ తర్వాత జరిగింది ఇంకా అన్యాయం. ఆ అబ్బాయి ఎపిసోడులోంచి నవ్వులున్న ముక్క కోసి విడిగా పెట్టాడు. పాడ్‌కాస్టులన్నిటికీ అది మామూలే, నేనూ సరేనన్నాను. ఆ ముక్కలోంచి ఎవరో మళ్ళీ ఆ ఒక్క మాట కోసుకున్నారు. ఇక చూడండి. చార్జింగు అయిపోతున్న ఫోన్లకు, ఓడిపోతున్న క్రికెట్ జట్టుకు, శుక్రవారం సాయంత్రం ఆఫీసులో వాలిపోయిన కుర్రాళ్ళకు, అన్నిటికీ వెనకాల నా గొంతే. ఇంగా ఊపిరి ఉండాది చూడప్పా. మా క్యాంటీన్లో పక్క బల్ల దగ్గర మోగింది. అది మీరేనట కదా మేడమ్ అని కొత్తగా చేరిన పిల్లలు పరిగెత్తుకొచ్చి నాతో ఫొటో దిగారు. నేను దిగాను. నవ్వాను కూడా. నా మొహం మండా.

పుస్తకం అమ్ముడుపోయింది. ప్రచురణకర్త రెండో ముద్రణ అంటూ ఉత్సాహంగా ఫోన్ చేశాడు. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. నేను ఆ అబ్బాయికి సంగతంతా చెప్పి తీసేయమని అడిగాను. అతను తల్లడిల్లిపోయాడు, ఆ నిమిషమే తీసేశాడు. కానీ పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా, ఎవరెవరి ఫోన్లలో ఉన్నదాన్నో అతను మాత్రం ఎక్కడని వెతుకుతాడు? పాపం, తనకు తోచిన దారి చెప్పాడు. మీ అత్తగారినే ఒకసారి తీసుకురండి మేడమ్, ఆవిడ గొంతులోనే ఆ కథ చెప్పిద్దాం, అందరికీ బుద్ధి వస్తుంది అన్నాడు.

నేను నగర్తపేటకు క్షమాపణ అడగడానికే బయలుదేరాను. కానీ నిజం చెప్పాలి కదా, ఆ పిలుపు కూడా మనసులో పెట్టుకునే బయలుదేరాను. అత్త మాట్లాడితే ఎంతమంది వింటారో అని ఒక్కసారైనా అనుకోలేదంటే అబద్ధం.

మెట్లెక్కుతుంటే అత్త గొంతు వినబడింది. పక్కింటి వాళ్ళ పెళ్ళిలో తాళి కట్టే వేళకు పెళ్ళికొడుకు బాసికం జారి ముక్కు మీదికి వచ్చిన కథేదో చెప్తోంది. పెండ్లికూతురు కనపడకుండా పంతులే కనపడతా ఉండాడప్పా వానికి అంటోంది, ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నాకూ నవ్వొచ్చింది. గుమ్మంలో నన్ను చూడగానే ఆమె మాట ఆపేసింది. కూత్కొళ్ళి, కూర్చోండి అని చాప చూపించింది. కథ మిగతా సగం ఎవరూ అడగలేదు.

కాళ్ళు పట్టుకున్నాను. తప్పయిపోయింది అత్తా అని ఏడ్చాను. ఆమె నన్ను లేపి కూర్చోబెట్టింది, కన్నీళ్ళు తుడిచింది. వాన ఎక్కువైందా మీ వైపు అని అడిగింది, ఆఫీసు ఎలా ఉందని అడిగింది, పిల్లల చదువులు అడిగింది. అన్నీ కన్నడంలోనే. ప్రేమ తగ్గలేదు, అదే నన్ను ఇంకా చంపింది. పాడ్‌కాస్టు పిలుపు సంగతి నా నోటికి రానే లేదు.

"అత్తా, నాతో తెలుగులో మాట్లాడత్తా. తిట్టు. యాల అట్ల చేసినావని అడుగు" అన్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత బయటివాళ్ళ ముందు, వెక్కిరింపుగా కాకుండా, నా నోట్లోంచి మా తెలుగు వచ్చింది.

అత్త సూదిని ఒడిలో పెట్టుకుంది. కోపం లేదమ్మా అంది, అదీ కన్నడంలోనే. కాసేపు నా చెయ్యి నిమురుతూ కూర్చుంది. తర్వాత, తనకు తానే సర్దిచెప్పుకుంటున్నట్టు, ఎంతో మెల్లగా, ఆ కన్నడంలోనే ఇంకో మాట అంది.

"ఇట్లా మాట్లాడితే మీకు పనికి రాదు కదమ్మా. నాకు భయముండదు."

ఆడవాళ్ళు తలలు వంచుకుని కుట్టుకుంటున్నారు. కోడలు కాఫీ తెచ్చింది. ఆ తర్వాత అత్త అడిగినవాటన్నిటికీ నేనూ కన్నడంలోనే జవాబు చెప్పాను.